బర్రె లేని గడ్డి

తప్పులుంటే మన్నించండి. ఏడో తరగతితో నా చదువు ఆగింది, చేతిరాత కూడా కుదురుగా ఉండదు. మా పెద్దత్త, అంటే మా మామగారి అన్న భార్య, పోయిన ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ మంచం మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆమె గురించి నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఊరుకునేలా లేదు.

మాది జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మూడేళ్ల కిందట పత్తి ఏరుతుంటే ఆమెకు ఛాతీ బరువెక్కింది, దవడ లాగింది. గ్యాస్ అనుకుని రెండు రోజులు వాము నీళ్లు తాగింది. మేమూ అదే అనుకున్నాం. గుండెపోటు మగవాళ్లకు వస్తుందని, ఆడవాళ్లకు వచ్చేది గ్యాసేనని మా ఊళ్లో నమ్మకం. చివరికి ఖమ్మం తీసుకెళ్తే, గుండె కొంత అప్పటికే దెబ్బతిన్నదని డాక్టరు చెప్పారు.

ఇంటికొచ్చాక, నడుముకు దోపుకునే పొగాకు సంచిలో సోంపు పోసుకుంది. అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకునే అలవాటు మానేసింది. మాతోపాటే కూర్చుని కూర వడ్డించుకునేది. "కూర మొగోళ్లకు, ఉప్పూ కారం మనకా?" అనేది.

నాకు రెండో కాన్పులో బీపీ వచ్చి, తగ్గలేదు. మాత్ర వేసుకోమని, ఉప్పు తగ్గించమని, రోజూ నడవమని నర్సమ్మ చెప్పింది. పని లేకుండా రోడ్డు మీద నడిచే కోడలిని ఊరు ఏమంటుంది? నేను కదలలేదు. పెద్దత్త వచ్చి నా చేతిలో కొడవలి పెట్టింది.

"నడువు. ఎవరన్న అడిగితే గడ్డికని చెప్పు."

"మనకు బర్రె లేదు గదా అత్తా?"

"వాళ్లకు కావాల్సింది జవాబు పిల్లా, బర్రె కాదు."

అలా రోజూ జామాయిల్ తోట దాకా నడిచి, పిడికెడు గడ్డితో తిరిగొచ్చేవాళ్లం. ఒకరోజు బోరింగు దగ్గర ఒకామె నవ్వింది.

"బర్రె లేని ఇంట్ల గడ్డి ఎవరు తింటరే అక్కా?"

"మీ ఆయన్ను పంపు, పెడత," అంది పెద్దత్త.

చివరి నెలల్లో ఆమెకు నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. కల్వర్టు మీద కూర్చుని నన్ను ముందుకు పొమ్మనేది. "నాది ఆలస్యంగ తెలిసింది బిడ్డా. నీది ముందే తెలిసింది. సిగ్గుపడి పాణం మీదికి తెచ్చుకోకు," అనేది.

మూడోనాటి ప్రార్థన అయ్యాక కూడా రెండు రోజులు నేను గడప దాటలేదు. ఈరోజు పొద్దున ఒక్కదాన్నే, వట్టి చేతులతో బయల్దేరాను. టీ కొట్టు ముందు ఒక పెద్దాయన పలకరించాడు.

"యాడికమ్మా పొద్దుగాల్నే?"

"యాడికీ లేదు బాబాయ్. బీపీ ఉంది, నడుస్తున్న," అన్నాను.

ఆయన దారికి అడ్డంగా ఉన్న సైకిల్‌ను పక్కకు జరిపాడు.

ఈ కాగితం మీ ఇంట్లో ఆడవాళ్లకు ఒకసారి చదివి వినిపించి, పొయ్యిలో వేయండి. మా ఊరివాళ్ల కంట పడనీయకండి. నాకింకా కొంత సిగ్గు మిగిలే ఉంది.