నిచ్చెన మీద ఆగిన దొర

మా వీధి చివరింటి ఈలాయన ఓడలో పనిచేసే రోజుల్లో ఒక పెద్ద అధికారిని సముద్రంలోకి తోసేశాడట. ఈ మాట కుట్టుమిషనావిడ పుట్టించింది, పాలాయన ఇంటింటికీ పోశాడు. ఉత్త అబద్ధం. నేను ఆరా తీశాను, నేను తీస్తే సగంలో వదలను.

నా మేనల్లుడు హోటల్లో మేనేజరు. గుమ్మం దగ్గర నిలబడి అతిథులకు తలుపు తీసే పని ఈలాయనకు ఇస్తానన్నవాడు, ఇది విని నసిగాడు.

"అత్తా, కావాలని చేశాడా, పొరపాటా? పొరపాటైతే సోమవారం నుంచి రమ్మను."

ఈలాయన భార్య అప్పటికే చొక్కా ఇస్త్రీ చేసి తగిలించేసింది. "వదినా, మీరే అడగండి. మూడేళ్లుగా ఇంట్లో కూర్చుని నా గరిటెలు కూడా వరసలో పెడుతున్నారు" అంది.

ఓడలో ఈలాయన ఉద్యోగం ఈల ఊదడం. నవ్వకండి, దానికి జీతం కూడా ఇస్తారు. పెద్దవాళ్లు పడవ దిగి నిచ్చెన ఎక్కుతుంటే, పైన నావికులు రెండు వరసల్లో సెల్యూట్ కొట్టాలి. వచ్చినవాడి హోదా ఎంతో, వాళ్లూ అంతమంది. ఆయనగారు ఓడ మీద కాలు మోపేదాకా ఈల ఆగకూడదు, ఈల ఆగేదాకా సెల్యూట్ చేతులు దిగకూడదు. మా ఇంటికి కొత్తల్లుడు వచ్చినప్పుడు కూడా ఇంత హంగామా లేదు.

ఆ రోజు వచ్చిన అధికారికి ముందురోజే హోదా పెరిగింది. ఓడకు కబురందలేదు. పాత లెక్కన ఆరుగురిని నిలబెట్టారు. దొరవారు మూడో మెట్టు మీద ఆగి, తలెత్తి లెక్కపెట్టుకుని, "ఎనిమిదిమంది ఉండాలి" అన్నారు. ఇక కదల్లేదు. వంటగదిలోంచి ఇద్దరిని లాక్కొచ్చారు, ఒకడి చేతులకు పిండి ఇంకా వదల్లేదు. వాళ్లకు టోపీల కోసం పరుగులు. అంతసేపూ ఈలాయన కళ్లు తేలేసి ఊదుతూనే ఉన్నాడు.

హఠాత్తుగా ఈల ఆగింది. సెల్యూట్ చేతులన్నీ దిగిపోయాయి. దొరవారు మండిపడి పైకి చూడబోయి, కాలు జారి, నిచ్చెన పట్టుకుని నడుందాకా నీళ్లలో తేలారు. తోసినవాడు లేడు, ముట్టుకున్నవాడూ లేడు. "ఊపిరి చాలని మనిషి" అని కాగితం రాసి ఈలాయనను ఇంటికి పంపేశారు.

మొన్న వాళ్ల వరండాలోకి వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. తలుపు వెనక ఆయన భార్య చెవొగ్గి నిలబడింది.

"తమ్ముడూ, ఊపిరి చాలకే కదా ఆపావు? ఊఁ అను చాలు, సోమవారం నుంచి పని."

ఆయన తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఊపిరి ఇంకా బోలెడుందక్కా. ఎనిమిదోవాడికి టోపీ వెతుకుతుంటే, ఇంక ఈయనకి ఊదడం దండగనిపించింది. ఆపేశాను."