మా తొమ్మిదో తరగతి సప్పుడాట

నేను నోరు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోగలనంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఇరవై రెండేళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న మనిషిని, నోరే నా పనిముట్టు. మట్టెవాడలో మా ఆడపిల్లల బడి గేటు దగ్గర సమోసాలమ్మే ఆయన నా గొంతు విని, ఎన్నో పీరియడ్ నడుస్తోందో చెప్పేస్తాడు. అలాంటి నా క్లాసులో, నా వెనకాలే, పది రోజులు ఒక ఆట నడిచింది. నాకు తెలియలేదు. ఈ సంగతి చెప్పుకోవడం నాకేమంత గొప్పగా లేదు.

మేడారం జాతర సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చిన రోజులవి. సగం మంది బ్యాగుల్లో జాతర బెల్లం ముక్కలు పుస్తకాలకు అంటుకుని ఉన్నాయి. పరీక్షలు ముంచుకొస్తున్నాయి, పోర్షన్ కొండలా మిగిలిపోయింది. నేను బోర్డు వైపు తిరిగి రాస్తుంటే తొమ్మిదో తరగతి చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దంగా ఉండేది. నా క్రమశిక్షణ ఇన్నాళ్లకు ఫలించిందనుకున్నాను. స్టాఫ్ రూములో రెండు మూడుసార్లు చెప్పుకున్నాను కూడా. లెక్కల సారు టీ తాగుతూ విన్నాడు. పిల్లలు అంత బుద్ధిగా ఉన్నారంటే అనుమానించాలని ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

ఒకరోజు రాస్తున్నదాన్ని చటుక్కున వెనక్కి తిరిగాను. మూడో బెంచీలో మధ్యనున్న ఇద్దరు పిల్లలు వీపులు వెనక్కి వాల్చి కూర్చున్నారు. వాళ్ల ముందు బల్ల మీద ఉసిరికాయంత బంతి ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లిపోతోంది. చప్పుడే లేదు. వెళ్లి చేతిలోకి తీసుకున్నాను. లోపల చింతగింజ, దాని మీద ఎరుపు, నీలం నూలు బిగించి చుట్టి, గంజిలో ముంచి ఎండబెట్టారు. ఎవరు చేశారని అడగాల్సిన పని లేకపోయింది. క్లాసులో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల ఒకతే ఉంది, బెంచీ చివర తల దించుకుని కూర్చున్నదీ ఆమే.

ఆ పిల్లకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోతుంది. ఏడో తరగతి నుంచీ నా దగ్గరే చదువుతోంది. నేను ప్రశ్న అడిగితే లేచి నిలబడి మొదటి అక్షరం పట్టుకునేది. మిగతా జవాబు నేను పూర్తిచేసి, "శభాష్, కూర్చో బిడ్డా" అనేదాన్ని. అది నా మంచితనమని నా నమ్మకం. పైగా పోర్షన్ కూడా ముందుకు సాగేది.

లంచ్ టైములో క్లాస్ లీడర్ని పిలిచి ఆరా తీశాను. బంతిని చూపుడువేలితో మీటాలి. ఎదుటివాళ్ల చివర నుంచి కింద పడితే పాయింటు. ఐదు పాయింట్లు ముందు ఎవరు చేస్తే వాళ్లు గెలిచినట్టు. ఆట నడుస్తుండగా ఎవరూ నోరు విప్పకూడదు, చూసేవాళ్లు కూడా. బంతి మీటబోయే మనిషి మాత్రం ముందుగా స్కోరు చెప్పాలి, క్లాసు నడుస్తుంటే వేళ్లతో, లంచ్‌లో అయితే నోటితో. స్కోరు చెప్పేలోపు ఎదుటిమనిషి "ఊఁ" అన్నా పాయింటు మీటేవాళ్లకే. ఆట పేరు సప్పుడాట. రోజుకు వందసార్లు "సప్పుడు జేయకుండ్రి" అని అరిచేది నేనే కాబట్టి, పేరు పెట్టిన ఘనత కూడా నాకే దక్కింది.

ఇకమీదట ఈ ఆట బంద్ అని చెప్పి బంతిని బీరువాలో పెట్టి తాళం వేశాను. క్లాస్ లీడర్ కదల్లేదు.

"అట్లనకుండ్రి మేడం. అంతాక్షరిల, క్విజ్‌ల మేం ఆమెను తీస్కోం. గీ ఒక్క ఆటలనే ఆమె గెలుస్తది."

మాటలో ఓడిపోతే నేను పంతానికి పోతాను, అది నా పాత రోగం. శనివారం లంచ్‌లో ఆ పిల్ల నాతో ఆడాలి, గెలిస్తే రోజూ లంచ్‌లో ఆడుకోవచ్చు, ఓడితే బంతి బీరువాలోనే ఉంటుందని ప్రకటించాను. మధ్యలో ఉన్న రెండు రోజులూ ఇంట్లో భోజనాల బల్ల మీద నిమ్మకాయతో ప్రాక్టీసు చేశాను. మా ఆయన కాసేపు చూసి, దవాఖానకు పోదామా అని మర్యాదగానే అడిగాడు.

శనివారం బంతిని బీరువాలోంచి బయటికి తీశాను, క్లాసంతా బెంచీలెక్కి నిలబడింది. నేను నోరు మూసుకుంటే చూడాలని లెక్కల సారు కిటికీ దగ్గరకొచ్చాడు. నిజం చెప్పొద్దూ, నేను బాగానే ఆడాను. మూడు పాయింట్లు న్యాయంగా గెలిచాను, నాలుగోది నా చీర కొంగు తగిలి వచ్చింది. ఆ పిల్ల వేళ్లు మాత్రం మగ్గం దగ్గర పెరిగిన వేళ్లు, బంతి ఎటు పొమ్మంటే అటు పోయేది. చెరి నాలుగు పాయింట్లు అయ్యాయి. బంతి ఆమె ముందు ఉంది. స్కోరు చెప్పాలి.

"నా... నా..." అని ఆగిపోయింది.

కళ్లు మూసుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. నలభై మంది పిల్లలు పెదవి కదపకుండా చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ పక్కకు చూడలేదు, ఎంతసేపైనా ఆగడం వాళ్లకు అలవాటైపోయినట్టుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ప్రేమగా, "నాలుగు నాలుగు, బిడ్డా" అన్నారు.

ఆ గొంతు నాదే.

నేను ఓడిపోయాను. అయినా ఎవరూ కేకలు పెట్టలేదు, గెలిచినవాళ్లు ఆఖరి స్కోరు చెప్పేదాకా ఆట అయిపోయినట్టు కాదట. ఆ పిల్ల కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"మే... మేడం, నే... నేను చెప్తాన గదా."

తర్వాత తాపీగా, మధ్యలో రెండుసార్లు ఆగి, ఐదు నాలుగు అని చెప్పింది. ఆ వెంటనే లేచిన గోలకు పక్క క్లాసు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నాకు సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు. మూడేళ్లుగా ఆ పిల్ల మాటలన్నీ నేనే మింగేసి, పైనుంచి శభాష్ అని కూడా అన్నాను. బీరువా తాళంచెవి క్లాస్ లీడర్ చేతిలో పెట్టి స్టాఫ్ రూముకు పోయాను. లెక్కల సారు నాకోసం టీ తెప్పించి ఉంచాడు.

సోమవారం కొత్త పాఠం మీద ప్రశ్నలు అడుగుతూ ఆమె దగ్గరకొచ్చాను. రాజు చెరువు ఎందుకు తవ్వించాడు అన్నాను. లేచి నిలబడింది. "రా..." దగ్గర ఆగింది. నాకు నాలుక దురద పెట్టింది. చేతిలోని సుద్దముక్కను గట్టిగా పట్టుకుని కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. పదకొండు చువ్వలు. రెండోసారి లెక్కపెట్టడం కూడా అయింది.

"రా... రాణి అడిగిందని."

పాఠంలో రాణి లేనే లేదు. ఆ పిల్ల పాఠం ముట్టుకోలేదు, బహుశా మూడేళ్లుగా ఏ పాఠమూ ముట్టుకుని ఉండదు. జవాబులన్నీ నేనే చెప్పుకుంటుంటే ఆమెకు మాత్రం ఏం అవసరం? సిగ్గులేదా, రేపు పాఠం మొత్తం చదివి రాకపోతే క్లాసు బయటే నిలబెడతానని, మిగతా అందరినీ తిట్టినట్టే గొంతెత్తి తిట్టాను. ఆమెను నేను తిట్టడం అదే మొదటిసారి. ఆ పిల్ల కూర్చుంటూ పక్కపిల్ల వైపు తిరిగి నవ్వింది.