చల్లారాకే రాయమన్న బాబాయి గారు

మంగళవారం పొద్దున్న నేను తులసికోట ముందు ముగ్గు వేస్తుంటే, పక్కింటి పిన్నిగారు ప్రహరీగోడ మీంచి పిలిచారు. "అమ్మాయ్, మీ బాబాయి గారు కాఫీకి లేవట్లేదు. ఒకసారి వస్తావా?" అన్నారు. గొంతులో కంగారేమీ లేదు. నేను వెళ్లేసరికి ఆయన రోజూలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు మూత పెట్టి ఉంది. డాక్టరు గారు వచ్చి చూసి, తెల్లవారుజామునే పోయారని చెప్పారు.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. మా పట్నం ఫైర్ స్టేషన్లో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. అంటే బండితో వెళ్లే జట్టుకి పెద్దన్నమాట. గోదావరి గట్టు పొడుగునా పాకలుండే రోజుల్లో మీ వీధిలో ఎప్పుడైనా నిప్పంటుకుని ఉంటే, ఆ పొగలో గొట్టం పట్టుకున్న వాళ్లలో ఆయన ఉండే ఉంటారు. మాకు చుట్టరికం లేదు. గోడకి ఇటు మేము, అటు వాళ్లు. పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఆయన బాబాయి గారే.

ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లోకి వెళ్లి గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి చూసేవారు. "బాగున్నావా అమ్మాయ్" అనేది ఆ తర్వాతే. "ఈ ట్యూబు మార్చి ఎన్నాళ్లైంది?" అనేది ముందు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వచ్చి, కూర్చోకుండా షామియానా చుట్టూ ఒకసారి తిరిగారు. గాలి ఎటు ఉందో చూసి, గాడిపొయ్యి కొబ్బరిచెట్ల అవతలికి జరపమన్నారు. వంటాయనకి విసుగొచ్చింది. "పెద్దాయనా, మీరు తినడానికొచ్చారా, ఆర్పడానికొచ్చారా?" అన్నాడు. "అంటుకోకపోతే తినడానికే వచ్చానయ్యా" అన్నారు బాబాయి గారు. పొయ్యి జరిగాకే విస్తరి ముందు కూర్చున్నారు.

వేడి కాఫీ తాగేవారు కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గ్లాసు చేతికి అందగానే స్టేషన్లో గంట మోగేదట. తిరిగొచ్చాక తాగడం అలవాటై, తర్వాత వేడిది ఇస్తే నోటికి పట్టలేదట. "నిప్పుల్లో దూరిన మనిషికి కాఫీ కాలుతుందట, విన్నావా?" అని పిన్నిగారు నాతో నవ్వేవారు.

నాలుగేళ్ల కిందట పాత ఫైర్ స్టేషన్ పడగొట్టి కొత్తది కడతారని తెలిసింది. బాబాయి గారు ఆ సాయంత్రమే వెళ్లి, రెండు గోనెసంచులు ఆటోలో వేసుకొచ్చారు. వాటిలో పాత రిజిస్టర్లున్నాయి. ఎప్పుడు ఫోనొచ్చింది, బండి ఎన్నింటికి కదిలింది, ఎక్కడ కాలింది, ఎలా ఆగింది, అన్నీ అందులో రాసేవారట. పాత భవనం కప్పు కారి, ఏళ్ల తరబడి వానకి నాని, పుస్తకాలన్నీ దిబ్బరొట్టెల్లా అతుక్కుపోయాయి. మా డాబా మీద నేను మాగాయ ముక్కలు ఆరబెట్టిన పక్కనే ఆయన వాటిని ఎండబెట్టారు. వారం రోజులు ఒక్కో కాగితం విడదీశారు. కాగితాలైతే విడిపోయాయి గాని సిరా మిగల్లేదు. నీలం మరకలే.

"జీవితమంతా నీళ్లు పట్టుకుని నిప్పుతో కొట్టుకున్నాం. చివరికి నీళ్లే మా పని పట్టాయి చూడు" అన్నారు.

అప్పుడు కొత్తగా వచ్చిన స్టేషన్ ఆఫీసర్ గారు మంచి మనిషి. బాబాయి గారిని గురువు గారూ అనేవారు. "కొత్త బిల్డింగ్‌లో అద్దాల బీరువా పెట్టిస్తానండి. పాత ఇత్తడి గంట, హెల్మెట్లు పెడదాం. మీకు గుర్తున్న చరిత్ర రాసిస్తే అదీ పెడదాం" అన్నారు.

ఆ మాటతో బాబాయి గారు మా ఇంటికొచ్చారు. ఆయన కుడిచేతి వేళ్లు ఎప్పుడో కాలి బిగుసుకుపోయాయి. పేరు రాయడమే కష్టం. నేను పూజగదిలో కూర్చుని రామకోటి రాసుకుంటున్నాను. కాసేపు నా నోటుపుస్తకం చూశారు.

"రాముడికి కోటి రాస్తున్నావు. నాకో నాలుగు పుస్తకాలు రాయలేవా అమ్మాయ్?"

"నేను పదో తరగతేనండి బాబాయి గారు. చరిత్ర నేనేం రాస్తానండి?"

"చరిత్ర నేను చెప్తాను. అక్షరాలు నువ్వు రాయి."

అలా మొదలైంది. మధ్యాహ్నం మా వారు మిల్లుకి వెళ్లాక, నేనూ ఆయనా వరండాలో కూర్చునేవాళ్లం. ఆయనకి తేదీలు గుర్తుండేవి కావు, నీళ్లు గుర్తుండేవి. ఏ వీధికి ఏ చెరువు దగ్గర, ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేస్తే ఏ గుంటలో నీరు నిలుస్తుంది, గుర్రపుడెక్క పట్టిన కాలవలో బండి గొట్టం వేసేముందు దాని మూతికి వెదురుతట్ట ఎలా కట్టాలి, ఇవన్నీ చెప్పేవారు. ఆయన చెప్పిన చెరువుల్లో ఇప్పుడు సగం మీద అపార్ట్‌మెంట్లున్నాయి. "అయినా రాయి. నీళ్లు ఎక్కడుండేవో ఊరికి తెలియాలి" అనేవారు.

మొదటి వారం నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. గడ్డిమేటు అంటుకున్న సంగతి ఆయన చెప్తే రాశాను. మర్నాడు కళ్లజోడు పెట్టుకుని చదివి, దగ్గొచ్చేదాకా నవ్వారు. నేను చివర్లో "రెండు గంటలకు మంటలు కొండెక్కినవి" అని రాశాను.

"కొండెక్కించడానికి ఫైరింజన్ ఎందుకే తల్లీ? దీపం అనుకున్నావా?"

"రోజూ దీపం పెట్టే చేత్తో 'ఆరింది' అని ఎలా రాయనండి? మా అమ్మ ఆ మాట అననిచ్చేది కాదు. నోటికే రాదు, చేతికెలా వస్తుంది?"

"మేం చేసే ఉద్యోగమే అది కదా!"

"మీరు చేశారు. నేను రాయలేనండి" అన్నాను. నేను పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పిన సందర్భాలు తక్కువ.

ఆయన నవ్వడం ఆపారు. "సరే, ఆరింది అని రాయకు. చల్లారింది అని రాయి. అసలు అదే సరైన మాట. ఆరడం వేరు, చల్లారడం వేరు అమ్మాయ్. మంట కనపడకపోతే జనం ఆరిందంటారు. లోపల చల్లారిందో లేదో చెయ్యి పెట్టి చూస్తే గాని తెలియదు" అన్నారు. ఎలా చూడాలో కూడా చూపించారు. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు పెట్టాలట. అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారి ఉంటుందట. పూజగదిలోకి వచ్చి మా దీపపు కుంది పక్కన తన చెయ్యి తిరగేసి పెట్టి, "ఇదిగో, ఇలా" అన్నారు. అదీ పుస్తకంలో రాయించారు.

ఆ తర్వాత మా నోటుపుస్తకాల్లో ప్రతి సంఘటనా చల్లారింది అన్న మాటతోనే ముగిసేది. ఒక్కటి తప్ప.

మూడో పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా వదిలెయ్యమన్నారు. ఎందుకో చాలా రోజుల తర్వాత చెప్పారు. ఒక ఎండాకాలం, కాలువలు కట్టేసిన రోజుల్లో, గట్టు కింద పాకల వరసలో ఒక పాక అంటుకుంది. దాని పక్కనే కొబ్బరి పీచు కుప్ప. బాబాయి గారి జట్టు వెళ్లి మంటలు ఆర్పింది. ఇంతలో ఇంకోచోటి నుంచి ఫోనొచ్చింది. పీచు కుప్ప తిరగేసి చూడకుండానే ఆయన రిజిస్టర్లో "పూర్తిగా ఆరింది" అని రాసి సంతకం పెట్టారు. సాయంత్రం గాలి మళ్లింది. కుప్ప లోపల రాజుకుంటున్న నిప్పు లేచి వరసంతా కాలింది. మంచాన ఉన్న ఒక ముసలాయన బయటికి రాలేకపోయారు.

"ఆ పేజీ కూడా వానకి పోయింది. నేను రాసిన మాట ఇప్పుడు ఎక్కడా లేదు. మీ డాబా మీద అదీ నీలం మరకై కనపడితే, రెండు రోజులు నా అదృష్టం అనుకున్నాను. మూడో రోజు అన్నం సయించలేదు" అన్నారు.

రాయాలంటే ఆ ముసలాయన ఇంటివాళ్ల మాట కూడా ఉండాలన్నారు. ఇద్దరం ఆటోలో వెళ్లాం. పాకలు లేవు, అన్నీ డాబాలు. ఆ ముసలాయన కూతురు అక్కడే టిఫిన్ బండి నడుపుతోంది. నా వయసే ఉంటుంది. బాబాయి గారు ఫలానా అని చెప్పగానే అట్లకాడ ఆపింది.

"గొట్టాలు చుట్టేసుకుని వెళ్లిపోయిన బండి మీదేనా?"

"నాదేనమ్మా."

"ఇన్నాళ్లకి గుర్తొచ్చామాండి?"

"గుర్తు రోజూ వచ్చేవారు. నా కాళ్లు రావడానికే ఇన్నాళ్లు పట్టింది."

"ఇప్పుడేంటి మరి? సంతకం కావాలా?"

"వద్దమ్మా. ఏం జరిగిందో నువ్వు చెప్తే ఈవిడ రాస్తుంది."

ఆవిడ అట్టు తిరగేసింది. తీసి ఎవరికో ఇచ్చింది. అప్పుడు నా వైపు చూసి చెప్పింది. "మా నాన్న మధ్యాహ్నం నుంచీ అంటూనే ఉన్నాడండి, కుప్ప పొగేస్తోందర్రా అని. ఫైరోళ్లు ఆరిందన్నారు కదా నాన్నా, పడుకో అన్నాను నేను. అదీ రాయండి."

రాశాను. బాబాయి గారు బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆవిడ టీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. "తాగండి, చల్లారిపోద్ది" అంది. "చల్లారనీ అమ్మా" అన్నారు ఆయన. ఆ టీ తాగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మేం లేచేటప్పుడు ఆవిడే మళ్లీ పిలిచి, "రెండోసారి మీరే వచ్చారు, చేతులు కాల్చుకున్నారు. ఏం, అది రాయరా?" అంది. ఆయన వేళ్లు ఎక్కడ కాలాయో నాకు అప్పటిదాకా తెలియదు.

నాలుగు పుస్తకాలూ పూర్తయ్యాయి. స్టేషన్ ఆఫీసర్ గారు మా వరండాలోనే కూర్చుని చదివి, ఆ పేజీ దగ్గర ఆగారు. "గురువు గారూ, స్కూలు పిల్లలు వచ్చి చూస్తారండి. ఇదొక్కటీ తీసేద్దామా? డిపార్ట్‌మెంట్‌కి మచ్చ కదండి."

"అన్నీ మంచివే రాస్తే చరిత్రెలా అవుతుంది సార్? శుభలేఖ అవుతుంది" అన్నారు బాబాయి గారు.

ఆఫీసర్ గారు నవ్వి, చూద్దాం లెండి అన్నారు. ఆ చూద్దాం అలాగే ఉండిపోయింది. కొత్త బిల్డింగ్ సున్నాలు వేసే దాకా వచ్చింది. బాబాయి గారికి ఆయాసం ఎక్కువైంది. పోయిన నెలలో ఒకరోజు నన్ను పిలిచి, "నేనున్నా లేకపోయినా ఆ పేజీతోనే ఇవ్వు. వద్దంటే నాలుగూ నీ రామకోటి పక్కన పెట్టేసుకో. వానకి తడవకుండా చూడు" అన్నారు.

మంగళవారం సాయంత్రం దహనం అయ్యాక ఆఫీసర్ గారు మా గుమ్మంలోకి వచ్చి పుస్తకాలు అడిగారు. నాకు ఆఫీసర్లతో మాట్లాడటం అలవాటు లేదు. పూజగదిలోంచి తెచ్చి, పసుపుగుడ్డలో చుట్టినవి చుట్టినట్టే ఇచ్చాను. "ఆ పేజీ ఉంటేనే ఇమ్మన్నారండి. ఉండదంటే ఇప్పుడే చెప్పండి, లోపల పెట్టేస్తాను" అన్నాను. ఆయన తలొంచి చెప్పులు వేసుకున్నారు. పుస్తకాలు తీసుకుని వెళ్లారు. నేనూ ఆపలేకపోయాను. రెండు రోజులు ఆ పూజగదిలో ఖాళీ చోటు చూసినప్పుడల్లా, తప్పు చేశానా అనిపించింది.

గురువారం అస్థి సంచయనం. ఆడవాళ్లం వెళ్లం కాబట్టి, మా వారు చెప్పిందే రాస్తున్నాను. బాబాయి గారికి పిల్లల్లేరు. రామచంద్రపురం నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు పాలూ నీళ్లూ చల్లి, కొత్త కుండ పట్టుకుని వంగాడు. అప్పుడు స్టేషన్ ఆఫీసర్ గారు, యూనిఫాంలోనే, "ఒక్క నిమిషం ఆగండి" అన్నారట. మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి తిరగేసి, వెనకవైపు బూడిద మీద పెట్టారట. మధ్యలో ఒకచోట కాస్త కెలికి మళ్లీ పెట్టారట.

"లోపల వేడుందండి. ఉందాం" అన్నారట.

పురోహితుడు గారు కూడా తొందర పెట్టలేదట. గోదావరి మీంచి గాలి వస్తోంది. అందరూ రేవు మెట్ల మీద కూర్చున్నారు. కాసేపటికి ఆయన మళ్లీ లేచి వెళ్లి, చెయ్యి తిరగేసి బూడిద మీద ఉంచి, తియ్యకుండా అలాగే ఉన్నారట.

"చల్లారింది" అన్నాక, కుండ ముందుకు జరిపారట.