మడుగులో నా వంతు

సాయంత్రం వాకిట్లో ఎండకు కాలిన నాపరాళ్ల మీద నీళ్లు చల్లితే, వేడిరాయి తడిసిన వాసన లేస్తుంది. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోతాను. ఇల్లు రాజమండ్రిలో ఉన్నా మనసు పోలవరం ఎగువన ఒక వాగు ఒడ్డుకు వెళ్లిపోతుంది. అక్కడ నల్లబండ ఎక్కి, చీర కుచ్చెళ్లు వెనక్కి బిగించి, కమలమ్మగారు మడుగులోకి దూకేవారు.

ఆమె ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్. యాభై దాటిన మనిషి. పిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పడానికి నేను చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. శనివారం మధ్యాహ్నాలు ఇద్దరం వాగుకు వెళ్లేవాళ్లం. ప్రతిసారీ ఆమె ముందు నీళ్లలోకి దిగి, మునిగి, అడుగంతా కాళ్లతో తడిమి చూసేవారు. ఆ తర్వాతే బండ ఎక్కడం.

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండీ?" అన్నాను మొదట్లో.

"గేదె పడిందనుకుంటారు. యేసయ్యా, నీదే భారం!" అని ఒక్క కేక. చీర గాలికి ఉబ్బేది. ఆ క్షణాన ఆమెకు వయసూ, ఉద్యోగం, వంటగదిలో గొడవలూ ఏవీ ఉండేవి కావు. నేనూ ఒక్కసారి అలా ఏ బరువూ లేకుండా గాలిలో ఉండాలని తహతహలాడేదాన్ని.

నాకు ఈత వచ్చు, దూకడం రాదు. కాలేజీ చదువు లేని నాకు తెలిసిందంతా శాఖా గ్రంథాలయం బల్లల దగ్గర నేర్చుకున్నదే. ఈత మీద ఒక పాత పుస్తకం తెచ్చి, బండ మీద కూర్చుని గర్వంగా చదివి వినిపించాను. ఎత్తు నుంచి తప్పుగా పడితే నీళ్లు కూడా నేలలా తగులుతాయట.

"ఇంకా చదువమ్మా," అన్నారామె జుట్టు పిండుకుంటూ.

"లోతు చూసుకోకుండా దూకకూడదని ఉందండీ."

"ఆ ముక్క మా తమ్ముడికి ఎవరూ చదివి వినిపించలేదు."

చిన్నప్పటి నుంచీ దూకిన చోటే, వరద తీయగానే దూకాడట. అడుగున ఇసుక మేట వేసింది. మెడ విరిగి, కొన్నాళ్లు మంచం మీదే ఉండి చనిపోయాడు.

"మరి మీరెలా దూకుతున్నారండీ?"

"నీళ్ల మీద ఎన్నాళ్లని కోపం పెట్టుకోను? వాడు పైకి తేలి నవ్విన నవ్వు కూడా నీళ్లలోదేగా."

వానలు వెలిసిన ఒక శనివారం నా వంతు వచ్చింది. బండ అంచున నిలబడ్డాను. కాలివేళ్ల కింద వేడి. కమలమ్మగారు మునిగారు. ఎంతసేపటికో తేలి, చెయ్యి అడ్డంగా ఊపారు.

"వద్దు! దిగిపో!"

"పోయిన వారం మీరు దూకారు కదండీ, ఇక్కడే!"

"పోయిన వారం నీళ్లు ఎప్పుడో సముద్రంలో కలిశాయి. కింద చెట్టు మొద్దు ఇరుక్కుంది. దిగవే, నా తల్లి కదూ!"

ఆ గొంతులో వణుకు విని దిగాను. దారి పొడుగునా ఆమెను వదిలి ముందే నడిచాను. హాస్టలు గేటు దగ్గర ఆమే నా భుజం తట్టారు.

"అలిగావేంటి? నీ వంతు ఎక్కడికీ పోదు. మొద్దు కొట్టుకుపోనీ, నేనే ముందు దిగి చూస్తాను."

అది కదిలేలోపే నాకు రాజమండ్రిలో పని దొరికింది. వస్తాను, వస్తాను అంటూనే ఏళ్లు గడిచాయి. ప్రాజెక్టు నీళ్లు నిలిచి వాగూ, బండా మునిగాయి. ఆ తర్వాత కమలమ్మగారూ పోయారు.

ఏ కొత్త చోటికి వెళ్లినా ముందు అడుగు తడిమి చూసుకోవడం ఆమె నేర్పిందే. కానీ భయం ఒక్కటే నేర్పి ఉంటే ఆమె కోసం మనసు ఇంతగా లాగేది కాదు. వాకిట్లో ఆ వాసన లేవగానే నా కాలివేళ్లు ఇప్పటికీ రాతిని పట్టుకుంటాయి. కింద ఆమె ఇంకా అడుగు చూస్తూనే ఉన్నట్టు, కాసేపట్లో తల పైకెత్తి "ఇక దూకు" అంటారన్నట్టు ఆగుతాను. రాయి ఆరిపోయేదాకా.