రెండు పసుపు ముడుపులు

దెయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. పలాసలో సైన్సు చెప్పుకుని బతికే టీచర్ని. పిల్లలెవరైనా చేతబడి అంటే క్లాసులోనే నవ్వేసేదాన్ని. ఇప్పుడిది రాయడానికి సిగ్గుగా ఉంది. జరిగినదానికి కాదు, అప్పుడు నేను చేసిన పనికి.

మా వదిన, అంటే మా ఆయన అక్క, కంచిలి దగ్గర కొబ్బరితోటల పల్లె మనిషి. భర్త పోయాక మాతోనే ఉంటోంది. ఆరేళ్ల మా బాబూ, నాలుగేళ్ల పాపా ఆమె చేతుల్లోనే పెరిగారు. రెండేళ్లుగా ఆమె కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్దానంలో ఇది కొత్త సంగతేమీ కాదు.

వేసవి సెలవులు ఇవ్వగానే విశాఖ నుంచి క్రూయిజ్ ఓడ ఎక్కాలనుకున్నాం. నాలుగు రోజులు. నెల్లాళ్లు ఫోను పట్టుకునే కూర్చున్నాను. గదికి కిటికీ ఉంటుందా, పాపకి పెరుగన్నం దొరుకుతుందా, ఓడ ఊగి వాంతులైతే ఏ మందు వేయాలి, అన్నీ రాసుకున్నాను.

వదినకి మాత్రం మా పిన్ని కూతురి పెళ్లని చెప్పాను. ఎలాగూ ఆమె రాలేని మనిషి, తెలిస్తే బాధపడుతుందని మా ఆయన్ని ఒప్పించాను. అది సాకు. నాలుగు రోజులైనా పిల్లలు ‘అత్తా’ అనకుండా ‘అమ్మా’ అంటే వినాలని నా ఆశ. పిల్లలకీ ఓడ మాట చెప్పలేదు. చెబితే ముందు ఆమె చెవిలోనే వేస్తారు.

పాపం, ఆమె ఆ లేని పెళ్లికూతురికి పెట్టమని పెట్టెలోంచి కొత్త చీర తీసి ఇచ్చింది. తీసుకున్నాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు బడికి సెలవు పెట్టాను. పొద్దున్నే ఆమెను డయాలసిస్‌కి దింపి, బజార్లో నంబర్ల తాళం ఉన్న సూట్‌కేసు కొన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. పిల్లలు బడిలో, మా ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో. పిల్లల ఈత బట్టలు పైన పెట్టి, తాళం వేసి, ఇంటికి కూడా తాళం పెట్టి, ఆమెను తీసుకురావడానికి వెళ్లాను. మంచం మీద నిద్రపోతోంది. నాలుగు గంటలూ కదల్లేదని నర్సు చెప్పింది.

ఇంటికొచ్చి ఆమెను పడుకోబెట్టి, జ్వరం మందు సీసా మర్చిపోయానని సూట్‌కేసు తెరిచాను. ఈత బట్టల మీద రెండు చిన్న ముడుపులున్నాయి. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టినవి. గుడ్డ ఇంకా తడిగా ఉంది. పాప బట్టలకి పసుపు అంటింది.

దూర ప్రయాణం వెళ్లేవాళ్లకి వదిన పుట్టింటివైపు అలా కడతారు. క్షేమంగా తిరిగొచ్చాక, కట్టిన చెయ్యే దాన్ని విప్పి బిళ్లను గంగమ్మకి ఇవ్వాలి. వాటికి వేసింది కొబ్బరికాయల్ని జతలుగా కట్టే ముడి. మా ఇంట్లో ఆ ముడి వేయడం వదిన ఒక్కదానికే వచ్చు.

వంటింట్లో పసుపు డబ్బా చూశాను. పొడిగానే ఉంది, తడి చెయ్యి పెట్టిన జాడ లేదు. తాళం నంబరు మా ఆయనకి కూడా తెలియదు.

సాయంత్రం కాఫీ ఇస్తుంటే వదిన నా మొహంలోకి చూడకుండా అంది: “పిల్లల్ని రైలింగు కాడ ఒంటరిగా ఒగ్గీకండి. ఓడ మన ఆటో కాదు, ఆపమంటే ఆగదు.”

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. “ఓడేటి వదినా, పెళ్లికే కదా” అన్నాను.

“అలాగే అమ్మీ” అంది.

వెళ్లాం, క్షేమంగా వచ్చాం. పిల్లలు ఓడ గురించి ఊరంతా చెప్పారు. ఆమె అన్నీ విని నవ్వింది. పెళ్లి ఎలా జరిగిందని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఆ ముడుపులు తాళం వేసిన పెట్టెలోకి ఎలా వచ్చాయో ఇప్పటికీ నాకు తెలియదు. ఎన్ని రకాలుగా లెక్క వేసినా కుదరడం లేదు. ఆమెను అడగొచ్చు. పక్కగదిలోనే ఉంటుంది. కానీ అడగాలంటే అవి ఆమె చేతికి ఇవ్వాలి, విప్పమనాలి, పెళ్లి లేదని నా నోటితో చెప్పాలి. అందుకే రెండూ ఇంకా నా బీరువాలో, ఆ పెళ్లి చీర మడతలోనే ఉన్నాయి.