ముసుగువాడి గాయం

ప్యాంటు పైన నిక్కరు తొడుక్కుని ఆకాశంలో ఎగిరే మగవాళ్ళ బొమ్మల కథలంటే నాకెంత ప్రేమో ఇంతకాలం ఎక్కడా రాయలేదు. రాస్తే నా పాఠకులు నవ్వుతారు. గాలిలో తేలే మునులనూ కొండలు మోసే దేవుళ్ళనూ మైకు ముందు నిలబడి నిలదీసిన దాన్ని. నా పెట్టె అడుగున ఇవెందుకున్నాయని అడిగితే ఏం చెప్పాలి?

చెప్పడానికి ఉంది. ఆ ఎగిరేవాళ్ళు నన్ను కొబ్బరికాయ కొట్టమనలేదు. నమ్మకపోతే కళ్ళు పోతాయని బెదిరించలేదు. పది పేజీలు ఎగిరి, దొంగను పట్టించి, ఆఖరి బొమ్మలో చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. అయితే నా ప్రేమకు అసలు కారణం అది కాదు. మా అవ్వ.

అవ్వ అంటే మా నాయన తల్లి. తమిళనాడు రాజపాళయంలో మా నాయనకు పత్తి జిన్నింగు మిల్లులో పని. ఇంట్లో ఆడవాళ్ళం ఆసుపత్రులకు పోయే బ్యాండేజీ గుడ్డను పట్టీలుగా కత్తిరించి చుట్టేవాళ్ళం. పట్టీలు చుట్టే చిన్న చేతిమర పిడిని అవ్వ తిప్పుతుంటే, గుడ్డ కొసను బిగువుగా పట్టుకోవడం నా పని. మా అమ్మ తమ్ముడు, నా మామ, ఆ గుడ్డ బేళ్ళను లారీలో మద్రాసు చేర్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి పాత పుస్తకాల అంగళ్ళలో ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు కొని తెచ్చేవాడు. వాటికి వరస ఉండదు. ఒకదానికి అట్ట లేదు, ఇంకోదానికి నడిమి పేజీలు లేవు. రంగు గీత దాటి జరిగిపోయి, వీరుడి ఎర్ర పెదవి గడ్డం మీదికి దిగి ఉండేది. వాసన మాత్రం అన్నిటిదీ ఒకటే. లారీ టార్పాలిన్ వాసన.

మా ఇళ్ళలో తెలుగు నోటికే, రాతకు అరవం. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. అందుకని ఆ దొరల వీరులు బడిలో నేర్చిన ఇంగ్లీషులోంచి నా తలలోని అరవంలోకి వచ్చి, అక్కణ్ణించి మా ఇంటి తెలుగులోకి దిగి అవ్వకు వినపడేవాళ్ళు. "భయపడొద్దు, నేను వచ్చినాను గదా" అని మా వీధి మనిషిలాగే మాట్లాడేవాళ్ళు.

మొదటిరోజు నేను చూపించిన పుస్తకంలో వీరుడికి ముక్కు దాకా నల్ల ముసుగు ఉంది. అవ్వ చేతిమర ఆపి, బొమ్మను దగ్గరికి లాక్కుంది.

"అయ్యో, ఎవురు కొట్టినారు ఈ బిడ్డని? మొగమంతా కట్టు కట్టినారే!"

పొద్దున లేస్తే బ్యాండేజీలు చుట్టే మనిషికి మొహం మీద గుడ్డ ఇంకెలా కనిపిస్తుంది? నాకు నవ్వొచ్చింది. సరిదిద్దబుద్ధి కాలేదు.

"దొంగలు కొట్టినారవ్వా."

అప్పటినుంచి ఏ పుస్తకం తెరిచినా ముందు అదే ప్రశ్న. "కట్టు ఇప్పినారా? గాయం మానినదా?" కథలో ఊళ్ళు కూలినా, నదులు వెనక్కి పారినా ఆమెకు పట్టేది కాదు. ఆ పుస్తకాల్లో ఒక ఆడపిల్ల తప్పనిసరిగా మేడ మీదినుంచి జారేది, అరిచేది. "ఈ పిల్లకి వేరే పని లేదా? పొద్దంతా పడేదేనా?" అనేది అవ్వ. ఆ కథల మీద అంతకన్నా మంచి విమర్శ ఇంతవరకూ నేను చదవలేదు.

యాభైల చివర్లో నేను పెద్దమనిషినయ్యాను. మామ పచ్చి కొబ్బరాకులతో పెరట్లో గుడిసె కట్టాడు. పదహారు రోజులు అందులో నేనూ, ఒక చాపా, ఒక చెంబూ. నేను ముట్టుకుంటే మైలట. నా ఒంట్లో జరిగిన ఆరోగ్యకరమైన సంగతికి ఊరంతా కలిసి వేసిన శిక్ష అది. తరువాత ఈ ఆచారం మీద ఎన్నో సభల్లో నిప్పులు చెరిగాను. కానీ ఆ గుడిసెను తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది కోపం కాదు. నాలుగు బారల దూరంలో పీట వేసుకుని, చేతిమర ముందు పెట్టుకుని కూర్చున్న అవ్వ. మామ ఆకుల సందులోంచి లోపలికి తోసిన కొత్త పుస్తకాన్ని నేను గట్టిగా చదువుతుంటే, ఆమె ఊ కొడుతూ గుడ్డ చుట్టేది.

తొమ్మిదో రోజున నాయన గొంతు ఆకుల్లోంచి వినబడింది. నా బడి గురించి అమ్మతో అంటున్నాడు. "ఇంక పళ్ళికూడం చాలు. వయసొచ్చిన పిల్లని వీధిలో నడిపించేదానికి నాకు ఇష్టం లేదు."

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే అంత నొప్పి ఉండేది కాదు. సంస్కరణ సభలకు నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది ఆయనే. ప్రశ్న అడగడం పాపం కాదని ఆ మైకుల్లోనే విన్నాను. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడినప్పుడు ఆయన కొట్టిన చప్పట్లు నా తొడలకు తగిలేవి. ఆ చప్పట్లు మా గడప బయటే ఆగిపోయాయి.

నా దగ్గర ఏ ఆయుధమూ లేదు. ముసుగువాడి పుస్తకం మాత్రం ఉంది.

మరునాడు అవ్వకు చదువుతున్నాను. శత్రువులు వీరుణ్ణి కుర్చీకి కట్టేశారు. ఒకడు చెయ్యి చాపి ముసుగు అంచు పట్టుకున్నాడు. తరువాతి పేజీ ఉంది. నాకు అర్థమైంది కూడా. పుస్తకం మూసేశాను.

"ఏమి పిల్లా, ఆపితివి? కట్టు పీకినాడా వాడు?"

"నాకు తెలీదవ్వా. ఈ ఇంగిలీసు మాకింకా చెప్పలేదు. పై క్లాసులో చెప్పుతారు."

చేతిమర ఆగింది. అవ్వ నన్ను చూసింది. మళ్ళీ పిడి తిప్పింది.

పదహారో రోజు స్నానం చేయించి నన్ను బయటికి తెచ్చారు. గుడిసెనూ, నేను పడుకున్న చాపనూ కాల్చేయడం పద్ధతి. మామ అగ్గిపెట్టె తీశాడు. నాయన నా చేతిలోని పుస్తకాన్ని చూశాడు.

"అదీ లోపల వెయ్యి. ఇంక నీకు పుస్తకాలేమిటికి?"

అవ్వ వచ్చి పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. మడీ మైలా అంటూ రోజుకు నాలుగుసార్లు కాళ్ళు కడుక్కునే మనిషి, గుడిసెలోని వస్తువును చంకలో పెట్టుకుంది.

"దీన్ని కాల్చొద్దురా. ఆ బిడ్డ గాయం ఏమాయనో ఇంకా తెలీలా."

"ఏ బిడ్డమ్మా?"

"పడంలో, ఈ బొమ్మలో ఉండే బిడ్డ. అది తెలవాలంటే పిల్ల పై క్లాసు చదవాలంట."

"దానికి పిల్లని పళ్ళికూడానికి పంపించాలా? దాని మామని అడుగు, చెప్పుతాడు."

"ఏమప్పా, నీకు ఇంగిలీసు వచ్చునా?" అంది అవ్వ.

"లారీ ముందర రాసేది వచ్చునత్తా" అన్నాడు మామ. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాయన నవ్వలేదు. "ఊరేమంటుంది?"

"ఊరికి నేను చెప్పుకుంటా. పిల్ల వెంట నేను నడిచి పోతా, నేను నడిచి వస్తా. నువ్వు మీటింగులో చెయ్యి తట్టుకో పో."

నాయన పక్కకు జరిగాడు. మామ అగ్గిపుల్ల గీశాడు. పచ్చి ఆకులు సరిగ్గా అంటుకోలేదు. పొగకు అందరం కళ్ళు తుడుచుకుంటుంటే, ఎవరు దేనికి తుడుచుకుంటున్నారో తెలియలేదు.

జూన్‌లో అవ్వ నా వెంట బడి దాకా నడిచింది. చెప్పులు లేని కాళ్ళతో నాలుగేళ్ళు నడిచింది. నాయన కొన్ని నెలలు నాతో ముభావంగా ఉండి, ఒకరోజు మామ తెచ్చిన కట్టలోంచి తనే ఒక పుస్తకం తీసుకుని, ఎగిరేవాడి బొమ్మలు చూస్తూ భోజనం మరిచిపోయాడు.

అరవైల్లో పుస్తకాలు మారాయి. కొత్త వీరులకు జలుబు చేసేది. తప్పు చేసేవాళ్ళు, గెలిచి ఇంటికొచ్చి ఒంటరిగా ఏడ్చేవాళ్ళు. నాకు వాళ్ళు ఎక్కువ దగ్గరయ్యారు. అవ్వకు నచ్చలేదు. "ఏడ్చేవాళ్ళు మన వీధిలో లేరా? ఎగిరేవాణ్ణి చదువు" అనేది. నేనేమో పాత వీరుడికి అనుమానమే రాదనీ, అనుమానం రానివాణ్ణి నమ్మకూడదనీ వాదించేదాన్ని. నా మొదటి ఉపన్యాసాలన్నీ ఆమె చేతిమర ముందే.

ఇన్ని వాదాల మధ్య ఆ ఒక్క అబద్ధం నన్ను తొలుస్తూనే ఉంది. నిజం చెప్పమని లోకాన్ని నిలదీయడానికి బయలుదేరినదాన్ని, బడికి అబద్ధం మీద వెళ్తున్నాను. ఎస్సెల్సీ పాసైన రోజున పాత పుస్తకం తీసుకుని అవ్వ దగ్గర కూర్చున్నాను.

"అవ్వా, వాడికి గాయమే లేదు. అది కట్టు కాదు, ముసుగు. ఎవరో తెలియకూడదని వేసుకున్నాడు. ఆరోజు ఆ పేజీ నాకు చదివేదానికి వచ్చును."

అవ్వ చేతిమర ఆపలేదు.

"మొదటి దినం నిజంగానే కట్టు అనుకుంటి. మరుదినం చూస్తే కంటికాడ కుట్టు కనపడె. గాయానికి కుట్టిన గుడ్డ ఎవురు కడతారు? అదిన్నీ నల్లగుడ్డ. నల్లగుడ్డ కడితే రగతం ఆగినదా లేదా తెలిసేదెట్ల?"

పుస్తకం తెరిచి ఆ ముసుగు బొమ్మను మళ్ళీ చూశాను. అవ్వను అడిగాను.

"మరి రోజూ గాయం మానిందా అని ఎందుకు అడిగినావు?"

"అడగకపోతే నువ్వు చదువుతావా?"

పట్టీ చుట్ట దాదాపు పూర్తయింది. గుడ్డ నేల మీద జారుతోంది.

"కొస పట్టుకో పిల్లా, వదులైపోతా ఉంది" అంది.

పట్టుకున్నాను.