బాడీ వస్తోంది, చోటు చెయ్యండి

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన ఇంగ్లీషు మాట ఏదైనా ఉందంటే అది బాడీ. మా బాపట్లలో బాడీ అంటే మా నాయనమ్మ మిషను మీద కుట్టే ఆడవాళ్ళ లోబట్ట. వీధిలోంచి ఎవరైనా "మా బాడీలు అయినియ్యా అత్తా?" అని గట్టిగా అడిగితే (వాళ్ళకి లేని సిగ్గు నాకెందుకో) పుస్తకం వెనక మొహం దాచుకునేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో చేరాక అదే మాటకి కండలొచ్చాయి. అద్దం ముందు చొక్కా విప్పి బాడీ పెరిగిందా లేదా అని చూసుకునేవాళ్ళం. (నాది పెరగలేదు.) ఆ తర్వాత తెనాలిలో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో ఉద్యోగం దొరికింది. ఇంజనూ చక్రాలతో బోడిగా వచ్చిన బండికి వెనక తొట్టి కట్టి, రంగులేసి పంపడం మా పని. అక్కడ పొద్దస్తమానం బాడీ ఎత్తు, బాడీ దించు, బాడీకి మేకులు కొట్టు. ఆ గోలలో పడి ఆ మాటకి ఇంకో అర్థం ఉందన్న సంగతే మర్చిపోయాను.

రేపల్లెలో మా మేనమామకి ఒక పాత లారీ ఉండేది. దాని తొట్టి పుచ్చిపోతే, అత్తయ్యకి రిపేరని మాత్రం చెప్పి, కొత్త బాడీ కట్టించడానికి మా షెడ్డుకి తెచ్చాడు. ఆ మధ్యే ఛాతీలో నొప్పి అన్నందుకు బండి ఎక్కొద్దని అత్తయ్య ఒకటే పోరు. పని పూర్తయిన సాయంత్రం కబురు చెప్పడానికి నేను ఫోన్ చేశాను. కొత్త బండి వస్తే పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించడం మా వాళ్ళ ఆనవాయితీ. అత్తయ్య గుడికి (చర్చిని మేం అలాగే అంటాం) వెళ్ళిందట, ఫోన్ ఎత్తింది పక్కింటి రేడియో మామ్మ (ఆవిడ చెవిన పడ్డది ఊరంతా వినాల్సిందే, అందుకే ఆ పేరు).

"మామ్మా, మామయ్య ఫోను ఆగిపోయింది, అందుకని నేను చేస్తున్నా. బాడీ రెడీ. పొద్దున్నే తెస్తున్నాం. అయ్యగారికి కబురు పెట్టి, వాకిట్లో చోటు చేయించమను."

"అయ్యో దేవుడా! మీ మామయ్య..." అంటుండగానే నా ఫోనూ చచ్చింది. షెడ్డులో కరెంటు లేదు. పాపం, మామ్మ సంతోషం పట్టలేక దేవుణ్ణి తలుచుకుంది అనుకున్నాను. గరగర శబ్దంలో 'ఫోను' అన్న ముక్క కొట్టుకుపోయి, ఆవిడకి ఆగిపోయింది మామయ్య గుండె అనిపించిందని నాకేం తెలుసు!

మర్నాడు పొద్దున దట్టంగా మంచు పట్టింది. మామయ్యా నేనూ కలిసి టీ తాగాం. తను లారీ మెల్లగా తోలుకొస్తానని నన్ను ముందు రైలెక్కించాడు మామయ్య. కిటికీలోంచి చూస్తే పొలాల్లేవు, చెట్లు లేవు, అంతా తెలుపే. రేపల్లెలో దిగితే మనుషుల కంటే ముందు వాళ్ళ దగ్గులు వినబడుతున్నాయి. గుడి గంట ఒక్కొక్క దెబ్బే, ఆగి ఆగి మోగుతోంది. ఎవరో పోయారు పాపం అనుకున్నాను. మామయ్య వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి టీకొట్టు దగ్గర మాటలు టక్కున ఆగిపోయాయి. అందరూ తప్పుకుని నాకు దారిచ్చారు. నా జన్మలో నాకెవరూ దారిచ్చిన పాపాన పోలేదు.

మంచులోంచి పార భుజాన వేసుకుని ఒకాయన వచ్చాడు. "బాడీకి ఆరడుగులు సరిపోద్దా బాబూ?"

"ఆరడుగులేంటి బాబాయ్, పద్నాలుగు అడుగులుంది!"

ఆయన చేతిలో పార జారిపోయింది. నా మొహంలోకే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి మంచులో కలిసిపోయాడు.

వాకిట్లో టెంటు వేశారు. తెల్లచీరల ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అత్తయ్య కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "బాడీ ఏదిరా?" అంది.

"వెనకొస్తోంది అత్తయ్యా! ఎంత బాగా వచ్చిందనుకున్నావ్! పచ్చరంగు వేయించాం. అటూ ఇటూ గులాబీలు కూడా గీయించాడు."

"ఎవరు?"

"మామయ్యే. దగ్గరుండి!"

అత్తయ్య నా గడ్డం పట్టుకుని, "మీ మామయ్య నిన్న పోయాడు కదరా నాయనా. నీకు మతి పోయిందా?" అంది.

ఇప్పుడైతే నవ్వొస్తుంది గానీ, అంతమంది ఏడ్చిన కళ్ళతో అలా చూస్తుంటే నిజంగా నమ్మేశాను. నిన్ననే పోతే, ఇందాక నాతో టీ తాగింది ఎవరు? నన్ను రైలెక్కించింది ఎవరు? చాప మీద కూలబడ్డాను.

అప్పుడు వినబడింది హారను. మంచులో రెండు పసుపుపచ్చ దీపాలు మెల్లగా వచ్చి వాకిట్లో ఆగాయి. తలుపు తెరుచుకుంది. ముందు ఒక చెయ్యి బయటికొచ్చింది, మణికట్టు దాకా పచ్చగా. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. బెంచీలు తిరగబడ్డాయి. అయ్యగారు టెంటు కర్ర వెనక్కి వెళ్ళారు. నేను కళ్ళు మూసుకున్నాను. అత్తయ్య ఒక్కతే లేచి ఎదురెళ్ళి, "ఎవరు నువ్వు?" అంది, వినీ వినబడని గొంతుతో.

"నేనేనే. తొట్టి రంగింకా ఆరలేదు, చెయ్యంతా అంటుకుంది. ప్రార్థనకి ఇంత హడావిడేంటి? టీ పెట్టు."

ఆవిడ ఆ చెయ్యి లాక్కుని చెంపకి ఆనించుకుని భోరుమంది. తర్వాత చెప్పు తీసి మా ఇద్దర్నీ లారీ చుట్టూ తిప్పింది, చెంప మీద పచ్చటి అయిదు వేళ్ళతో. గొయ్యి ఏం చెయ్యమంటారని పార బాబాయి అడిగితే, "ఉండనియ్యండి, పనికొచ్చిద్ది" అన్నాడు మామయ్య. దాంతో మళ్ళీ చెప్పు లేచింది.

నిరుడు వానల్లో మామయ్య నిజంగానే పోయాడు, గుంటూరు ఆస్పత్రిలో. అంబులెన్సులో పక్కనే కూర్చున్నాను. తెనాలి దాటుతుంటే ఎవరో చుట్టాలు ఫోన్ చేసి, "బాడీ ఎప్పుడొచ్చిద్ది?" అన్నారు. షెడ్డులో అన్నేళ్ళు అరిచిన మాట నా గొంతు దాటి రాలేదు. "మామయ్యని తీసుకొస్తున్నా" అన్నాను.

వాకిట్లో అత్తయ్య నా భుజం పట్టుకుంది. నాకొక్కడికే వినబడేట్టు, "ఈసారి రంగేం వేయించావురా?" అంది. ఇద్దరం నవ్వుతూనే ఏడ్చేశాం.

ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది. పని అయిపోతే ఫోన్లో "తొట్టి రెడీ అండి" అంటాను. ఆ పాత మాటేంటని అడుగుతారు జనం. ఏం చెప్పను? ఆ మంచులో నిలబడి, ఏడ్చేవాళ్ళ ముందు గులాబీల గురించి గొప్పలు చెప్పిన వెర్రివాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడి మామయ్య అప్పటికి ఇంకా దారిలోనే ఉన్నాడు.